స్పర్ధ నుంచి ప్రణయానికి: క్రీడా ప్రణయ నవలల ఆకర్షణ – పరిశీలన

వ్యాససంగ్రహం

పరస్పర వైరంతో మొదలై, చాలాకాలం వ్యక్తం కాకుండా నిలిచి, చివరకు ప్రేమగా పరిణమించే కథ ఆంగ్ల ప్రణయ నవలల్లో విశేష ప్రచారం పొందిన ఇతివృత్తం. ఈ ఇతివృత్తం క్రీడారంగ నేపథ్యంలో ఎందుకు అంతగా రాణిస్తున్నదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అమెరికా రచయిత్రి మరియానా జపాటా రచించిన ‘ఫ్రమ్ లూకోవ్ విత్ లవ్’ (2018) ఇందుకు ప్రధాన ఆకరం. ఆమె ఇతర నవలలను, రేచెల్ రీడ్ రచించిన ‘హీటెడ్ రైవల్రీ’ (2019)ని తులనాత్మకంగా స్వీకరించడం జరిగింది. ఈ నవలల్లో క్రీడ అలంకారప్రాయమైన నేపథ్యం కాదనీ, వైరులను సమస్థాయిలో ఒకచోట నిలిపి, ఒకరి విశ్వసనీయతను మరొకరు పరీక్షించుకొనే అవకాశం కల్పించే కథాయంత్రాంగమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ప్రణయ నవల, స్పర్ధ, స్లో బర్న్, జంట స్కేటింగ్, రసవిరోధం, దృష్టికోణం, పాపులర్ సాహిత్యం.

1. ఉపోద్ఘాతం

ప్రణయ నవలను సాహిత్య విమర్శ చాలాకాలం పరిశీలనార్హమైన ప్రక్రియగా గుర్తించలేదు. 1980లలో ఈ స్థితి మారింది. టానియా మోడ్లెస్కీ ‘లవింగ్ విత్ ఎ వెంజెన్స్’ (1982), జానిస్ రాడ్వే ‘రీడింగ్ ది రొమాన్స్’ (1984) అనే గ్రంథాలు ఈ నవలలను, వాటి పాఠకురాళ్లను గంభీరమైన పరిశోధనకు విషయంగా చేశాయి. ఆ తరువాత పమేలా రీజిస్ ‘ఎ నేచురల్ హిస్టరీ ఆఫ్ ది రొమాన్స్ నావెల్’ (2003)లో ఈ ప్రక్రియకు 8 ఆవశ్యకాంశాలను నిరూపించింది. వాటిలో నాయికానాయకుల కలయికకు ఎదురయ్యే అవరోధం ఒకటి.

అవరోధం ప్రణయకథకు ప్రాణం. కులం, ధనం, కుటుంబం, దూరం వంటి బాహ్య కారణాలు అవరోధాలు కావచ్చు. అయితే వైరం నుంచి ప్రేమకు సాగే కథల్లో అవరోధం నాయికానాయకుల మనస్సుల్లోనే ఉంటుంది. జేన్ ఆస్టెన్ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ (1813) నాటికే ఈ నిర్మాణం పరిపక్వ రూపం పొందింది. ఎలిజబెత్ మనస్సు మారడానికి డార్సీ ప్రేమవచనాలు ఉపకరించలేదు. మొదటిసారి అతడు ప్రేమను ప్రకటించినప్పుడు ఆమె తిరస్కరించింది. తరువాత అతడు రాసిన లేఖ, అతని ఇంటి నిర్వాహకురాలు చెప్పిన సాక్ష్యం, లిడియా విషయంలో అతడు చేసిన సహాయం ఆమె అభిప్రాయాన్ని క్రమంగా మార్చాయి. అంటే ఇక్కడ ప్రేమకు ముందు సాక్ష్యసేకరణ జరిగింది. నేటి క్రీడా ప్రణయ నవల ఈ సాక్ష్యసేకరణను మంచుమైదానంలోకి, వ్యాయామశాలలోకి తరలించింది.

2. పరిభాష – ప్రక్రియా వ్యాప్తి

‘స్లో బర్న్’ అనేది నెమ్మదిగా రగిలే ప్రణయాన్ని సూచించే వ్యవహారపదం. కథలో అధికభాగం గడిచేవరకు ప్రేమ ప్రకటితం కాకపోవడం దీని లక్షణం. ‘ఎనిమీస్ టు లవర్స్’ అనేది వైరులు ప్రేమికులయ్యే ఇతివృత్తానికి పేరు. ఈ రెండూ వేరువేరు లక్షణాలు. మొదటిది కథాగమన వేగానికి, రెండవది పాత్రల ఆరంభస్థితికి సంబంధించినవి. ఇవి కలిసినప్పుడు వైరం కరగడానికి కావలసిన కాలం కథకు దొరుకుతుంది.

క్రీడాకారులు పాత్రలుగా గల ప్రణయ నవలలు కొత్తవి కావు. సుసాన్ ఎలిజబెత్ ఫిలిప్స్ ‘ఇట్ హ్యాడ్ టు బి యు’ (1994) ఒక అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు యాజమాన్యం హఠాత్తుగా దక్కిన స్త్రీకి, ఆ జట్టు శిక్షకునికి మధ్య జరిగిన సంఘర్షణను చిత్రించింది. ఎల్ కెనెడీ ‘ది డీల్’ (2015), హన్నా గ్రేస్ ‘ఐస్‌బ్రేకర్’ (2022) విశ్వవిద్యాలయ ఐస్ హాకీ వాతావరణాన్ని స్వీకరించాయి.

ఆంగ్లంలో ‘ఎనిమీ’ అనే ఒక్క పదంతో చెప్పే సంబంధానికి తెలుగులో రెండు మాటలు ఉండడం ఈ పరిశీలనకు ఉపకరిస్తుంది. శత్రువు ఎదుటివాని నాశనాన్ని కోరుతాడు. ప్రత్యర్థి ఎదుటివానిపై గెలుపును కోరుతాడు. ఎదుటివాడు లేకపోతే అతనికి గెలుపే లేదు. ప్రత్యర్థుల మధ్య ఉండేది స్పర్ధ. క్రీడా ప్రణయ నవలల్లోని పాత్రలు తమను తాము శత్రువులుగా భావించుకొంటాయి. పాఠకులు మాత్రం వారిని మొదటినుంచీ ప్రత్యర్థులుగా గుర్తిస్తారు. ఈ రెండు అవగాహనల మధ్య దూరమే కథలోని తొలి ఆసక్తికి మూలం.

3. వైరులు విడిపోలేని స్థలం

క్రీడా ప్రణయం ఆకర్షణకు ఉద్రేకమే కారణమని ఒక సులభమైన వివరణ ఉంది. ఒక సందర్భంలో కలిగిన శారీరకోద్దీపన పూర్తిగా ఉపశమించకముందే మరొక సందర్భం ఎదురైతే, మిగిలిన ఉద్దీపన రెండవ భావాన్ని తీవ్రతరం చేస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త డాల్ఫ్ జిల్‌మన్ 1970లలో ప్రతిపాదించాడు. కోపం, శ్రమ, పోటీ వల్ల కలిగిన ఉద్వేగం అనురాగంగా అనుభూతమయ్యే అవకాశాన్ని ఈ సిద్ధాంతం వివరిస్తుంది. అయితే అలాంటి ఉద్దీపన స్వల్పకాలికం. నెలల తరబడి సాగే పరిణామాన్ని అది వివరించజాలదు. నెమ్మదిగా రగిలే ప్రణయానికి మరొక వివరణ అవసరం.

‘ఫ్రమ్ లూకోవ్ విత్ లవ్’ కథ ఈ వివరణకు దారి చూపుతుంది. హ్యూస్టన్ నగరానికి చెందిన జాస్మిన్ సాంటోస్ ఫిగర్ స్కేటింగ్ క్రీడాకారిణి. ఆమెతో జంటగా ఆడే భాగస్వామి ఆమెను విడిచి వెళ్లిపోయాడు. వయస్సు గడుస్తున్నది. ఐవాన్ లూకోవ్ అదే ప్రాంగణంలో సాధన చేసే ప్రఖ్యాత విజేత, ఆమె ప్రియమిత్రురాలి అన్న. వారిద్దరూ ఏళ్ల తరబడి ఒకరినొకరు దెప్పుకొంటూ వచ్చినవారు. ఐవాన్ భాగస్వామి కొంతకాలం విరామం తీసుకోవడంతో, ఆ ఒక్క సంవత్సరానికి తనతో జంటగా ఆడవలసిందిగా జాస్మిన్‌కు ప్రతిపాదన వస్తుంది. ద్వేషించే మనిషిని నిరాకరిస్తే ఆట పోతుంది. ఆట కావాలంటే ఆ మనిషి చేయి పట్టుకోవాలి.

సామాజిక మనస్తత్వ శాస్త్రంలోని రెండు ప్రసిద్ధ పరిశీలనలు ఈ కథాస్థితిని విశదం చేస్తాయి. ముజఫర్ షెరీఫ్ 1954లో ఓక్లహోమాలోని రాబర్స్ కేవ్ వద్ద బాలుర శిబిరంలో ప్రయోగం నిర్వహించాడు. పోటీల వల్ల రెండు బృందాల మధ్య వైరం పెరిగింది. వారిని ఒకచోట చేర్చి భోజనం పెట్టినంతమాత్రాన అది తగ్గలేదు. ఇరువర్గాలూ కలిసి పనిచేస్తే తప్ప నెరవేరని లక్ష్యాలు ఎదురైనప్పుడు తగ్గింది. అదే సంవత్సరం గోర్డన్ ఆల్‌పోర్ట్ ‘ది నేచర్ ఆఫ్ ప్రెజుడిస్’లో, సాన్నిహిత్యం వల్ల దురభిప్రాయం తొలగడానికి అనుకూలించే పరిస్థితులను వివరించాడు. సమానస్థాయి, ఉమ్మడి లక్ష్యం, పరస్పర సహకారం, అధికార వ్యవస్థ మద్దతు అనేవి వాటిలో ముఖ్యమైనవి.

ఈ పరిశీలనలు సమూహాలకు సంబంధించినవి. వ్యక్తుల మధ్య ప్రణయానికి వీటిని యథాతథంగా అన్వయించడం ఉచితం కాదు. అయినా కథానిర్మాణాన్ని అర్థం చేసుకోవడానికి ఇవి ఉపమానంగా పనికివస్తాయి. మంచుమీద ఇద్దరూ ఒకే నియమావళికి లోబడినవారు. పతకం ఉమ్మడి లక్ష్యం. జంట విన్యాసం సహకారం లేనిదే సాధ్యం కాదు. శిక్షకురాలు ఆ సహకారాన్ని కోరే అధికార వ్యవస్థ. సాధారణ ప్రణయకథలో రచయిత ఈ నాలుగింటినీ యాదృచ్ఛిక సంఘటనలతో కల్పించవలసి ఉంటుంది. క్రీడ వీటిని సహజంగా సమకూరుస్తుంది. వైరులు మళ్లీ మళ్లీ ఎందుకు కలుస్తున్నారన్న ప్రశ్నే పాఠకులకు కలగదు. సాధనకు వేళ అయింది కనుక కలుస్తున్నారు.

4. నమ్మకానికి శరీరమే ప్రమాణం

జంట స్కేటింగ్ ఎంపికలో రచయిత్రి ఔచిత్యం గమనార్హం. ఈ క్రీడలో పురుషుడు భాగస్వామిని తలకు పైగా ఎత్తి మంచుమీద సాగుతాడు. మరొక విన్యాసంలో ఆమెను గాలిలోకి విసురుతాడు. ఆమె పరిభ్రమించి ఒంటికాలి మీద దిగాలి. ‘డెత్ స్పైరల్’ అనే విన్యాసంలో అతడు ఇరుసువలె నిలిచి ఆమె చేతిని పట్టుకొంటాడు. ఆమె దాదాపు మంచును తాకేంత కిందికి ఒరిగి అతని చుట్టూ తిరుగుతుంది. పోటీలో తలకు రక్షణకవచం ఉండదు. న్యాయనిర్ణేతలు ఇచ్చే మార్కులు జంటకు ఉమ్మడిగా వస్తాయి. ఒకరు పడితే ఇద్దరూ నష్టపోతారు.

ఇలాంటి క్రీడలో నమ్మకం భావన స్థాయిలో మిగిలిపోదు. పట్టు జారిందా, నిలిచిందా అన్నది కంటికి కనిపిస్తుంది. భాగస్వామి చేత పరిత్యక్త అయిన జాస్మిన్‌కు మాటల మీద నమ్మకం లేదు. ఎవరైనా ప్రేమిస్తున్నానన్నా ఆమె విశ్వసించే స్థితిలో లేదు. కాని ప్రతి ఉదయం అదే వేళకు వచ్చి, అదే ఎత్తును పదేపదే సాధన చేసి, ఒక్కసారి కూడా పట్టు వదలని చేతులను ఆమె కాదనలేదు. ప్రేమకు ముందు గౌరవం, గౌరవానికి ముందు విశ్వసనీయత స్థిరపడతాయి. ఈ క్రమం వల్లనే చివర వచ్చే ప్రేమప్రకటన పాఠకులకు ఋజువైన విషయంగా తోస్తుంది.

నైపుణ్యం పట్ల ఆదరం ఈ క్రమంలో మరొక మెట్టు. ఒక క్రీడాకారిణి ప్రతిభను సూక్ష్మంగా గ్రహించగలవాడు అదే క్రీడలో నిష్ణాతుడే. ప్రేక్షకులు విన్యాసంలోని అందాన్ని చూస్తారు. ప్రత్యర్థి దాని వెనుక ఉన్న శ్రమను, దెబ్బలను, విఫలయత్నాలను లెక్కగట్టగలడు. జాస్మిన్ తండ్రి ఆమె జీవితాన్ని అర్పించిన క్రీడను విలువైన వృత్తిగా భావించడు. ఆమె పనిని పనిగా గుర్తించే మనిషి ఇన్నాళ్లూ ఆమె ద్వేషించిన ఐవాన్. తన శ్రమకు గుర్తింపు కరువైన పాఠకురాలికి ఈ సన్నివేశం చేసే మేలు ముద్దూమురిపాలు చేయలేవు. ఈ నవలల ఆకర్షణకు ఇది అత్యంత ప్రధానమైన కారణంగా చెప్పవచ్చు.

5. ఆలస్యం నిర్వహించే పని

జపాటా ఈ నవలను నాయిక ఒక్కతె దృష్టికోణం నుంచి, ఉత్తమపురుషలో నడిపింది. ఈ ఎంపిక ఆలస్యానికి కళాత్మక ప్రయోజనాన్ని చేకూర్చింది. ఐవాన్ మనస్సులోకి పాఠకులకు ప్రవేశం లేదు. అతని చేతలు తెలుస్తాయి, కారణాలు తెలియవు. నాయిక వైరమనే అద్దంలోంచి ఆ చేతలను చూస్తుంది. పాఠకురాలు అదే కథనంలోని ఆధారాలతో నాయిక తేల్చినదానికి భిన్నమైన అర్థాన్ని ఊహిస్తుంది. ఆమెకంటె ముందే పాఠకురాలు సత్యాన్ని గ్రహించడం వల్ల నిరీక్షణ భారం కాక వినోదమవుతుంది. మళ్లీ చదివినప్పుడు తొలి అధ్యాయాల్లోని దెప్పిపొడుపులకు కొత్త అర్థం స్ఫురిస్తుంది.

‘హీటెడ్ రైవల్రీ’తో పోల్చినప్పుడు ఆలస్యం స్వరూపం మరింత స్పష్టమవుతుంది. ఇందులో మాంట్రియల్ జట్టుకు చెందిన షేన్ హోలాండర్, బోస్టన్ జట్టుకు చెందిన రష్యా క్రీడాకారుడు ఇల్యా రోజనోవ్ ఐస్ హాకీలో ప్రత్యర్థులు. వారి వైరం ప్రచారమాధ్యమాలకు కూడా సరుకు. వారి మధ్య శారీరక సాన్నిహిత్యం కథలో తొందరగానే మొదలవుతుంది. అది ప్రేమ అని ఒప్పుకోవడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. పురుషుల హాకీ ప్రపంచంలో స్వలింగ ప్రణయం బయటపడితే కలిగే నష్టభయం ఆ మౌనానికి కారణం. జపాటా నవలలో దేహస్పర్శ క్రీడాధర్మంగా నిత్యం ఉన్నా శృంగారం ఆలస్యమవుతుంది. రీడ్ నవలలో శృంగారం ముందే ఉన్నా అంగీకారం ఆలస్యమవుతుంది. దీన్నిబట్టి స్లో బర్న్ కథల్లో అసలు ఆలస్యమయ్యేది దేహసంయోగం కాదని, ఆత్మరక్షణను విడిచి మనస్సును బయటపెట్టడమని నిర్ధారించవచ్చు.

ఈ ఆలస్యానికి క్రీడ ఒక పంచాంగాన్ని కూడా ఇస్తుంది. స్కేటింగ్ ఋతువు శరత్కాలంలో మొదలై వసంతంలో ప్రపంచ పోటీలతో పతాకస్థాయికి చేరుతుంది. ఒప్పందం ఒక్క సంవత్సరానిదే అన్న స్పృహ జాస్మిన్ కథ అంతటా వెంటాడుతుంది. నెమ్మదిగా సాగే అనురాగం, వేగంగా తరిగిపోయే గడువు ఒకదానికొకటి ఎదురుగా నిలవడం వల్ల కథ విసుగు పుట్టించదు.

6. రసదృష్టితో అన్వయం

భారతీయ అలంకారశాస్త్రం ప్రణయంలోని ఆలస్యాన్ని విప్రలంభశృంగారంగా విశ్లేషించింది. విశ్వనాథుడు ‘సాహిత్యదర్పణం’లో విప్రలంభాన్ని పూర్వరాగం, మానం, ప్రవాసం, కరుణం అని నాలుగు విధాలుగా విభజించాడు. వైరం నుంచి ప్రేమకు సాగే కథ పైకి మానాన్ని పోలినట్లు కనిపిస్తుంది. కాని మానానికి పూర్వస్థితమైన అనురాగం అవసరం. నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’లో సత్యభామ కోపం అలాంటిదే, ఆమె కోపానికి ప్రేమే మూలం. జాస్మిన్ కోపానికి అలాంటి అంగీకృతమైన ప్రేమ వెనుక లేదు. ఇది పూర్వరాగమూ కాదు. పూర్వరాగంలో కోరిక తెలిసి ఉంటుంది, కలయిక మాత్రమే లేదు.

కనుక దీనిని రసవిరోధ సమస్యగా పరిశీలించడం ఎక్కువ ప్రయోజనకరం. శృంగారానికి వీర, రౌద్రాలు విరోధి రసాలని విశ్వనాథుని మతం. క్రీడా ప్రణయం ఈ రెండింటినీ శృంగారంతో ఒకే కథలో నిలపవలసి వస్తుంది. విరుద్ధ రసాల మధ్య మరొక రసాన్ని నిలిపితే విరోధం తొలగుతుందని ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’లో పరిహారం సూచించాడు. ‘నాగానందం’లో శాంత, శృంగారాల నిర్వహణను ఉదాహరించాడు.

ఈ సూత్రం జపాటా నవలకు చక్కగా అన్వయిస్తుంది. ఇందులో రౌద్రానికి, శృంగారానికి మధ్య రెండు రసాలు వంతెనగా నిలిచాయి. మొదటిది హాస్యం. వారి వాగ్వాదాలు క్రమంగా పదును కోల్పోయి ఇద్దరికే తెలిసిన చమత్కారాలుగా మారతాయి. తిట్టుగా మొదలైన మాట ముద్దుపేరుగా మిగిలిపోతుంది. రెండవది అద్భుతం. ఎదుటివారి విన్యాసాన్ని చూసినప్పుడు కలిగే విస్మయం ద్వేషం మధ్యలోనే తలెత్తుతుంది. ఈ రెండింటిలో ఏది లోపించినా పరిణామం కృతకంగా కనిపిస్తుంది. బలహీనమైన నవలల్లో కోపం నుంచి నేరుగా కౌగిలికి దూకడం, ఆ దూకుడు పాఠకులకు నమ్మశక్యం కాకపోవడం ఈ లోపానికి నిదర్శనం.

7. సమవైరం – అవమానం

ఈ ఇతివృత్తంపై ప్రధానమైన ఆక్షేపణ ఒకటి ఉంది. పురుషుని కాఠిన్యాన్ని దాగిన ప్రేమగా వ్యాఖ్యానించడం స్త్రీలకు నేర్పుతున్నదన్న విమర్శ అది. పురుషుని తొలినాటి కర్కశత్వాన్ని తరువాత బయటపడే మృదుత్వం వెలుగులో పునర్వ్యాఖ్యానించే అవకాశాన్ని ప్రణయ నవల కల్పిస్తుందని రాడ్వే విశ్లేషణ. కర్కశత్వం వాస్తవంగానే కర్కశత్వమైనప్పుడు ఈ పునర్వ్యాఖ్యానం ప్రమాదకరం. ఈ ఆక్షేపణను తోసిపుచ్చడానికి వీలులేదు.

అయితే వైరాలన్నీ ఒకటి కావు. ఇద్దరూ సమానంగా బదులు చెప్పగలిగినప్పుడు, ఇద్దరికీ సమానమైన నష్టభయం ఉన్నప్పుడు అది సమవైరం. ఒకరికి మాత్రమే నోరు, మరొకరికి సహనం మాత్రమే ఉన్నప్పుడు అది అవమానం. జాస్మిన్ తిట్టులో ఐవాన్‌కు తీసిపోదు. ఆమె నోటికి సహచరులు జంకుతారు. సాధనలో మాత్రం ఇద్దరిలో ఎవరూ వైరాన్ని సాకుగా చూపి ఎదుటివారి శరీరాన్ని ప్రమాదంలోకి నెట్టరు. మాటల్లో వైరం, చేతల్లో బాధ్యత అనే ఈ విభజన నవలను ఆక్షేపణ నుంచి చాలావరకు రక్షిస్తుంది.

అసమానత ఉన్నచోట ఏమి జరగాలన్నది జపాటా మరో నవల ‘ది వాల్ ఆఫ్ విన్నిపెగ్ అండ్ మి’ (2016) సూచిస్తుంది. వెనెస్సా అమెరికన్ ఫుట్‌బాల్ క్రీడాకారుడు ఐడెన్ గ్రేవ్స్ వద్ద సహాయకురాలు. ఆమె శ్రమను అతడు పట్టించుకోడు. కథ ఆమె రాజీనామాతో మలుపు తిరుగుతుంది. కెనడాకు చెందిన అతడు తన నివాసార్హత కోసం వివాహ ప్రతిపాదనతో ఆమె గుమ్మం ముందుకు వస్తాడు. ఇప్పుడు అడిగేవాడు అతడు, షరతులు చెప్పేది ఆమె. యజమాని–ఉద్యోగిని సంబంధం తెగిపోయిన తరువాతే ప్రణయానికి మార్గం ఏర్పడింది.

8. తెలుగు నవలతో అనుసంధానం

ఆత్మాభిమానం గల నాయిక, అహంకారిగా కనిపించే నాయకుడు, అపార్థం, దీర్ఘ నిరీక్షణ అనే అంశాలు తెలుగు పాఠకులకు చిరపరిచితాలు. 1960లలో వెలువడిన యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ నవలలో జయంతి, రాజశేఖరంల కథ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. అది 1976లో చలనచిత్రంగా కూడా వచ్చింది. పత్రికల్లో ధారావాహికలుగా నవలలు చదివిన తరానికి నిరీక్షణ పఠనంలోనే భాగం. సంచికకు సంచికకు మధ్య ఉన్న విరామమే ఆనాటి స్లో బర్న్.

పోలికతోపాటు భేదాన్నీ గమనించాలి. ‘సెక్రటరీ’లో నాయికానాయకుల మధ్య ధనం, హోదా, ఉద్యోగం అనే అంతరాలు ఉన్నాయి. ఆ అంతరాల ముందు నాయికకు ఉన్న ఆయుధం ఆత్మాభిమానం. జాస్మిన్‌కు ఆత్మాభిమానంతోపాటు ఐవాన్ ఆడే ఆటలోనే కొలవదగిన నైపుణ్యం కూడా ఉంది. నాయిక గౌరవానికి ఆధారం శీలం నుంచి వృత్తి నైపుణ్యానికి విస్తరించిన తీరును రెండు భాషల పాపులర్ నవలల్లో పోల్చి పరిశీలించడం పరిశోధకులకు ఫలవంతమైన క్షేత్రం కాగలదు.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. క్రీడా ప్రణయ నవలల్లో క్రీడ వైరులను సమస్థాయిలో, ఉమ్మడి లక్ష్యంతో ఒకచోట నిలిపే కథాయంత్రాంగంగా పనిచేస్తుంది.

2. జంట స్కేటింగ్ వంటి క్రీడలు నమ్మకాన్ని మాటల నుంచి శరీరక్రియలోకి మార్చి ప్రత్యక్ష ప్రమాణంగా నిలుపుతాయి.

3. స్లో బర్న్ కథనంలో ఆలస్యమయ్యేది మనస్సును బయటపెట్టడం. నాయిక ఏకదృష్టికోణం, క్రీడా ఋతువు గడువు ఈ ఆలస్యాన్ని ఆసక్తికరం చేస్తాయి.

4. రౌద్ర, శృంగారాల మధ్య హాస్య, అద్భుతాలు వంతెనగా నిలిచినప్పుడే వైరం ప్రేమగా మారడం సహజంగా తోస్తుంది.

5. ఇతివృత్తంలోని నైతిక ప్రమాదం వైరంలో కాక అసమానతలో ఉంది. సమానత్వం ఏర్పడిన తరువాతే ప్రణయం మొదలయ్యే నవలలు ఆ ప్రమాదాన్ని అధిగమించగలిగాయి.

తన శ్రమను, సామర్థ్యాన్ని క్షుణ్ణంగా ఎరిగిన మనిషి చేత ప్రేమింపబడాలన్నది ఈ నవలలు తీర్చే ఆకాంక్ష. పొగిడేవారు చాలామంది ఉండవచ్చు. లోపాలన్నీ లెక్కపెట్టి కూడా చేయి వదలనివారు అరుదు. ప్రత్యర్థిగా మొదలైనవాడు ఆ లెక్కలన్నీ ముందే తెలిసినవాడు. కనుకనే అతని ప్రేమకు అంత విలువ.